పసిపిల్లలతో శుక్రవారం పొద్దున షబ్బాత్: ఎలా జరపాలి

షబ్బాత్ అంటే యూదులు వారానికోసారి పాటించే విశ్రాంతి రోజు, దీపాలు పెట్టి దాన్ని మొదలుపెడతారు. లండన్‌లో జూన్ నెల శుక్రవారాల్లో ఆ దీపాలు పెట్టే వేళ రాత్రి తొమ్మిది అవుతుంది. తొమ్మిది నెలల పాప ఏడింటికే నిద్రపోతుంది. ఎండాకాలమంతా ఆ ఇంట్లో వారం వారం దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పాప మాత్రం ఒక్కసారీ చూడదు. డిసెంబరులో ఇంకో చిక్కు. మూడున్నర దాటగానే దీపాలు పెట్టేయాలి. ఆ వేళకు వంట పూర్తికాక, ఆఫీసు మెయిళ్లు తెమలక ఇంట్లో పెద్దవాళ్లు పరుగులు పెడుతుంటారు. పాపను ఎత్తుకుని తీరిగ్గా ఆ వెలుగు చూపించే ఓపిక ఎవరికీ ఉండదు.

అందుకే ఇక్కడ చాలా సినగాగ్‌లలో, అంటే యూదుల ప్రార్థనా మందిరాల్లో, శుక్రవారం పొద్దున తల్లిదండ్రులు, పసిపిల్లలు కలిసే గ్రూపు నడుస్తుంది. నేను తెనాలి పిల్లని. మా ఆయనది ఉత్తర లండన్ యూదు కుటుంబం, పిల్లల్ని యూదులుగానే పెంచుతున్నాం. మా పెద్దదానికి ఏడు నెలలప్పుడు ఇలాంటి గ్రూపుకి వెళ్లి వెనక వరసలో బెరుగ్గా కూర్చున్నాను. ఇప్పుడు ఆ గ్రూపు నడిపే ముగ్గురిలో నేనొకదాన్ని. యూదు ఇంట కోడలిగానో అల్లుడిగానో అడుగుపెట్టిన తెలుగువాళ్లు, మనవల కోసం ఇక్కడికొచ్చి ఆ గ్రూపులో కూర్చునే అమ్మమ్మలు, నడపమని సినగాగ్ అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డవాళ్లు, మీ అందరి కోసం ఇది రాస్తున్నాను.

ఒక్క మాట ముందే పట్టుకోండి. పసిబిడ్డకు షబ్బాత్ గురించి చెప్పి అర్థం చేయించలేం. వెలుగు, వాసన, పాట, అమ్మ చేతి స్పర్శ ఒకే వరసలో వారం వారం వస్తే, బిడ్డ ఆ వరసను ఒంటితో నేర్చుకుంటుంది. కాబట్టి తక్కువ చేయండి, కానీ ప్రతి వారం అదే చేయండి. మొదటి నెలలో నేను వారానికో కొత్త ఆట, కొత్త బొమ్మ, కొత్త పాట తెచ్చాను. పిల్లలు బెదిరిపోయారు, తల్లులు అలిసిపోయారు. అవన్నీ మానేసి ఒకే వరసకు కట్టుబడ్డాక, ఐదో వారానికే మేం దీపాల బల్ల దగ్గరికి నడుస్తుంటే పిల్లలు కళ్లు మూసుకోవడం మొదలుపెట్టారు.

శుక్రవారమే ఎందుకు

షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనిపించేదాకా, దాదాపు 25 గంటలు సాగుతుంది. తెలుగు బైబిల్ దీన్నే విశ్రాంతి దినము అంటుంది. ఆ వేళల్లో చేయకూడని పనులను సంప్రదాయం 39 రకాలుగా లెక్కగట్టింది. నిప్పు వెలిగించడం, రాయడం, పిండి పిసకడం, కాల్చడం అన్నీ అందులోకే వస్తాయి. శనివారం పొద్దున గ్రూపు పెడితే ఈ నియమాలు గట్టిగా పాటించే ఆర్థొడాక్స్ ఇళ్లవాళ్లకు వాయిద్యాలు, రంగులు, ఫోన్లు అన్నీ పక్కన పెట్టాల్సిందే. శుక్రవారం పొద్దునైతే ఈ అడ్డులేవీ ఉండవు. గిలక్కాయలు మోగించొచ్చు, పిండి పిసకొచ్చు.

ఇంకో కారణం తోపుడు బండి. నాలుగు గోడల మధ్య నుంచి వీధిలోకి ఏదైనా మోసుకెళ్లడం, తోసుకెళ్లడం కూడా ఆ 39లో ఒకటి. ఇంకా నడక రాని బిడ్డను ఎత్తుకుని వెళ్లడానికీ అదే నియమం. ఊళ్లో కొంత భాగాన్ని స్తంభాలు, తీగలతో చుట్టి ఒకే ఆవరణగా చేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. దాన్ని ఎరువ్ అంటారు. గోల్డర్స్ గ్రీన్, హెండన్ ప్రాంతాలకు అది 2003లో వచ్చింది. అంతకుముందు నియమం గట్టిగా పాటించే ఇంటి బాలింతలు షబ్బాత్ అంతా ఇంట్లోనే ఉండిపోయేవారు. ఎరువ్ లేని చోట ఇప్పటికీ అంతే. అలాంటి తల్లికి శుక్రవారం పొద్దున ఆ వారాంతానికి చివరి బయటి గాలి. ఆ గంటను వృథా చేయకండి.

ముందుగా తేల్చుకోవాల్సినవి

పదిన్నరకు మొదలుపెట్టి పదకొండుంపావుకు పాటలు ముగించండి. ఆ తర్వాత అరగంట టీ, కబుర్లు. పొద్దుటి కునుకు, మధ్యాహ్నం కునుకు మధ్య పిల్లలు హుషారుగా ఉండేది ఆ కాసేపే. పది పన్నెండు కుటుంబాలు చాలు.

ఇక్కడి సినగాగ్‌లకు గేటు దగ్గర కాపలా ఉంటుంది. వచ్చేవాళ్ల పేర్లు గురువారానికల్లా వాళ్లకు ఇవ్వండి. కొత్తగా వచ్చే తల్లికి, ముఖ్యంగా యూదులు కాని అమ్మమ్మకో తాతయ్యకో, గేటు దగ్గర పేరు అడుగుతారని, సంచి చూపించమనొచ్చని ముందే చెప్పండి. చెప్పకపోతే అవమానంగా అనిపిస్తుంది. మా అమ్మకు అలాగే అనిపించింది.

తిండి విషయంలో గట్టిగా ఉండండి. ఇళ్లలో వండినవి తేవద్దని, పుట్టినరోజు కేకులు కూడా కోషర్ ముద్ర (యూదుల ఆహార నియమాల ప్రకారం చేసినవన్న గుర్తు) ఉన్నవే తేవాలని మొదటి రోజే చెప్పేయండి. కడిగిన పళ్లతో ఎవరికీ ఇబ్బంది ఉండదు. ద్రాక్షపళ్లు మాత్రం నిలువుగా నాలుగు ముక్కలు చేయకుండా బల్ల మీద పెట్టొద్దు. గుండ్రటి ద్రాక్ష పసివాళ్ల గొంతులో సరిగ్గా బిరడాలా ఇరుక్కుంటుంది.

ఫొటోలకు ప్రతి తల్లి అనుమతీ అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆ రోజు ఫోన్లు సంచుల్లోనే.

గది

పెద్ద దుప్పటి గుండ్రంగా పరచండి, అందరూ నేల మీదే కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నాలుగు కుర్చీలు వలయంలోనే వేయండి, గోడవారగా కాదు. గోడవారన కూర్చోబెడితే చుట్టం చూపుగా వచ్చినట్టే ఉంటుంది. ఎత్తైన బల్ల ఒకటి, దాని మీద తెల్లని గుడ్డ, రెండు కొవ్వొత్తులు, కిద్దుష్ గిన్నె, గుడ్డ కప్పిన రెండు హల్లాలు. కిద్దుష్ అంటే ద్రాక్షరసం మీద చెప్పే షబ్బాత్ దీవెన. హల్లా అంటే షబ్బాత్‌కి చేసే జడరొట్టె. ఈ బల్ల ప్రతి వారం అదే మూలన ఉండాలి.

పిల్లల చేతికి చెక్క కొవ్వొత్తులు, గుడ్డతో కుట్టిన హల్లా ఇవ్వండి. బ్యాటరీ దీపాల విషయంలో నా మాట వినండి. చిన్న టీలైట్ దీపాల్లో సీఆర్ 2032 లాంటి గుండ్రటి బటన్ బ్యాటరీ ఉంటుంది. బిడ్డ అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఒకసారి మా గ్రూపులో దీపం కిందపడి మూత ఊడింది. బ్యాటరీ దుప్పటి అంచు కింద దొరికేదాకా మాకెవ్వరికీ ఊపిరాడలేదు. మూత ఉందో లేదో చూసుకోకుండా పెట్టింది నేనే. అప్పటినుంచి స్క్రూ బిగించిన మూతలున్నవే కొంటున్నాం, వాటినీ బల్ల దింపట్లేదు. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

వరస

మొదట పేర్లు. ఒక్కో బిడ్డ పేరు పెట్టి "షబ్బాత్ షలోమ్" (షబ్బాత్ శాంతిగా సాగాలని) అని పాడుతూ వలయం చుట్టి రండి. రాగం ఏదైనా ఫర్వాలేదు, వారం వారం అదే ఉండాలి. ఆ పిల్లను ఎత్తుకొచ్చిన వాళ్ల పేరూ పాడండి. వారమంతా ఫలానా పాప అమ్మగా మాత్రమే పిలిపించుకున్న మనిషి, తన పేరు పది గొంతుల్లో వినగానే తలెత్తి చూస్తుంది.

తర్వాత త్సెదకా, అంటే దానం డబ్బా. షబ్బాత్ రోజు డబ్బు ముట్టుకోరు కాబట్టి దీపాలకు ముందే అందులో నాణేలు వేస్తారు. రేకు డబ్బా తీసుకోండి, చప్పుడు బాగా వస్తుంది. నాణెం బిడ్డ గుప్పిట్లో ఒంటరిగా ఉండకూడదు. మీ చెయ్యి బిడ్డ చేతి మీద వేసి, ఇద్దరూ కలిసి వదలండి. చప్పుడు విన్నాక ఇంకోటి కావాలని చెయ్యి చాపుతారు. ఇవ్వడం అనేది నా కళ్లముందే అలా వాళ్ల చేతికి అలవాటైంది. పిల్లల ఆస్పత్రికో, ఫుడ్ బ్యాంకుకో ఎక్కడికి పంపుతున్నారో నెలకోసారి చెప్పండి.

ఇక దీపాలు. దీనికి తొందరపడకండి, పది నిమిషాలైనా ఇవ్వండి. ఇంట్లో అసలు దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు పెడతారు. బైబిల్ నిర్గమకాండంలో షబ్బాత్‌ను జ్ఞాపకం ఉంచుకోమని, ద్వితీయోపదేశకాండంలో కాపాడుకోమని ఉంది. ఆ రెండు ఆజ్ఞలకు గుర్తుగా రెండు దీపాలంటారు. వెలిగించాక చేతులతో వెలుగును మూడుసార్లు తనవైపు లాక్కుని, కళ్లు మూసుకుని, దీవెన చెప్పి, అప్పుడు కళ్లు తెరుస్తారు. మామూలుగా ముందు దీవెన, తర్వాత పని. ఇక్కడ దీవెన చెప్పగానే షబ్బాత్ వచ్చేసినట్టు, ఆ తర్వాత నిప్పు ముట్టించకూడదు. అందుకని ముందే వెలిగించి, కళ్లు మూసుకుని, దీవెన అయ్యాక ఆ వెలుగును అప్పుడే కొత్తగా చూసినట్టు చూస్తారు. మొదటిసారి మా అత్తగారు అలా చేతులు తిప్పుతుంటే, హారతి కళ్లకద్దుకునే మా నాన్నమ్మే నాకు కనిపించింది. రెండూ ఒకటి కావు, కానీ నా చేతులకు అది కొత్తగా అనిపించలేదు.

పసివాళ్లకు ఇందులో ఏం కనిపిస్తుందో తెలుసా? దోబూచులాట. అమ్మ ముఖం మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఆపైన వెలుగు కూడా. కాబట్టి ఆ క్షణాన్ని సాగదీయండి. చేతులు మూడుసార్లు నెమ్మదిగా తిప్పండి, బిడ్డ చేతులూ పట్టుకుని తిప్పించండి. కళ్లు మూసుకోండి. గదంతా నిశ్శబ్దం కానివ్వండి. అప్పుడు చేతులు తీసి బిడ్డ ముఖంలోకి చూస్తూ "షబ్బాత్ షలోమ్!" అనండి. నవ్వని బిడ్డను నేనింకా చూడలేదు.

నిజమైన నిప్పు కావాలా? కావాలనే అంటాను, హాలు వాళ్లు ఒప్పుకుంటే. అందనంత ఎత్తులో పెట్టి, ఒకరు ఆ బల్ల దగ్గరే నిలబడి, పాట అవగానే ఆర్పేయండి. ఇంట్లో సాయంత్రం వెలిగించినవి షబ్బాత్ దీపాలు, వాటిని ఊది ఆర్పకూడదు. పొద్దున మనం వెలిగించేది సాధన మాత్రమే. అందుకే దీవెన కూడా అసలుది కాదు. దేవుడి నామం వచ్చే చోట "హషేమ్" అని, "ఎలోహేను" (మా దేవుడు) బదులు "ఎలోకేను" అని పాడితే ఆర్థొడాక్స్ ఇళ్లవాళ్లు కూడా ఇబ్బంది పడకుండా గొంతు కలుపుతారు. నియమాల్లో కాస్త సడలింపు ఉండే రిఫార్మ్, లిబరల్ సినగాగ్‌లలో పూర్తిగానే పాడేవాళ్లున్నారు. మీ రబ్బైని, అంటే సినగాగ్ మతగురువును, ఒకసారి అడిగి ఒక పద్ధతికి కట్టుబడండి.

దీపాల తర్వాత పిల్లల దీవెన. ప్రతి తల్లీ తండ్రీ తమ బిడ్డ తలమీద రెండు చేతులూ ఉంచాలి. కొడుకైతే "ఎఫ్రాయిమ్‌లా, మెనషేలా నిన్ను దేవుడు చేయుగాక" అంటారు. కూతురైతే యూదుల మూల మాతల పేర్లతో "సారా, రివ్కా, రాహేల్, లేయాలా". ఆ తర్వాత సంఖ్యాకాండంలోని యాజకుల దీవెన, దేవుడు నిన్ను దీవించి కాపాడుగాక అంటూ మొదలయ్యేది. హీబ్రూ రాకపోతే తెలుగులో చెప్పండి. నేను తెలుగులోనే చెబుతాను. ఎఫ్రాయిమ్, మెనషే ఇద్దరూ యోసేపు కొడుకులు, పరాయి దేశమైన ఐగుప్తులో (ఈజిప్టులో) పుట్టి పెరిగినవాళ్లు. తాత యాకోబు చివరి రోజుల్లో వాళ్ల తలల మీద చేతులుంచి, ఇకమీదట ఇశ్రాయేలీయులు పిల్లల్ని మీ పేర్లతోనే దీవిస్తారన్నాడు. పుట్టిన ఊరికి దూరంగా పిల్లల్ని పెంచే మనకు ఆ పేర్లు ఇంకాస్త దగ్గరవుతాయి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిమ్ సంతతి, అని తమను చెప్పుకునే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. మా తెనాలికి కూతవేటు దూరంలోని ఆ ఊరి సంగతి నాకు లండన్ వచ్చాకే తెలిసింది.

ఈ దీవెన వేళ గదిలో ఎవరో ఒకరి కళ్లు తప్పకుండా చెమరుస్తాయి. ఏమీ అనకండి. పాట ఇంకోసారి నెమ్మదిగా పాడండి.

కిద్దుష్‌కి ద్రాక్షరసం. ఏడాదిలోపు పిల్లలకు పళ్లరసం వద్దు. ఖాళీ గిన్నె పెదాలకు తాకించండి చాలు. పెద్దవాళ్లు తాగే ముందు ద్రాక్షరసం దీవెన నిజంగానే చెప్పుకోవచ్చు, తాగుతున్నారు కాబట్టి. నాకు ఇష్టమైన పద్ధతి మహారాష్ట్రలోని బెనె ఇస్రాయెల్ యూదులది. వాళ్లు ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసంతో కిద్దుష్ చేస్తారు. గ్లాసుడు నల్ల ఎండుద్రాక్షను రెండు గ్లాసుల మరిగిన నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున పిసికి వడకట్టండి. పిప్పి ఒక్కటి కూడా మిగలకుండా పల్చటి గుడ్డలో వడకట్టాలి.

తర్వాత హల్లా. ఇశ్రాయేలీయులకు అరణ్యంలో ఆకాశం నుంచి కురిసిన ఆహారం మన్నా, శుక్రవారం అది రెండింతలు కురిసిందని రెండు రొట్టెలు. ముందు ద్రాక్షరసానికి దీవెన చెబుతుంటే రొట్టె చిన్నబోకూడదని దానిమీద గుడ్డ. ఇదీ దోబూచే. గుడ్డ అంచు ప్రతి వారం ఒక్కో బిడ్డ చేత తీయించండి. "హమోత్సీ లెఖెమ్ మిన్ హాఆరెత్స్", నేలలోంచి రొట్టెను రప్పించేవాడా అని పాడి, ముక్కలు పంచండి. పెద్దవాళ్లు ఉప్పులో అద్దుకుంటారు, పసివాళ్లకు ఉప్పు వద్దు. ఆరు నెలలు దాటి నిటారుగా కూర్చోగలిగిన పిల్లలకే ఇవ్వండి. మెత్తటి తాజా రొట్టె నోట్లో ముద్దగా అతుక్కుంటుంది, కాబట్టి వేలంత పొడుగు ముక్కను కాస్త కాల్చి ఇవ్వడం మంచిది. తేనె వేసిన హల్లా ఏడాదిలోపు బిడ్డకు వద్దే వద్దు, కాల్చినదైనా సరే.

చివర్లో అందరూ లేచి, పిల్లల్ని భుజానికెత్తుకుని, గుండ్రంగా తిరుగుతూ ఒక పాట. అంతే. ఎంత బాగా సాగినా ఇంకొకటి కలపకండి.

ఇంటికి పట్టుకెళ్లే పిండి

గంటలో హల్లా పొంగి కాలదు. అందుకే పిండి కలిపి తెచ్చి పంచుతాం, మధ్యాహ్నం ఎవరింట్లో వాళ్లు కాల్చుకుంటారు. సాయంత్రం ఇల్లంతా ఆ వాసన నిండుతుంది. గ్రూపులో విన్న పాట, ఇంటి వాసన బిడ్డకు ఒకటయ్యేది అప్పుడే.

గురువారం రాత్రి కిలో స్ట్రాంగ్ బ్రెడ్ ఫ్లోర్, 14 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 100 గ్రాముల పంచదార, రెండు చెంచాల ఉప్పు, 120 మిల్లీలీటర్ల నూనె, అర లీటరు గోరువెచ్చని నీళ్లు కలిపి పది నిమిషాలు పిసకండి. పిండి గట్టిగా అనిపిస్తే ఇంకాసిని నీళ్లు చల్లండి. గుడ్డు వేయలేదు, ఎవరో ఒకరి బిడ్డకు పడకపోవచ్చు. పాలు, వెన్న వేయొద్దు. రొట్టె మెత్తగా వస్తుందని మనకు పాలు పోసే అలవాటుంది. షబ్బాత్ భోజనంలో మాంసం ఉంటే ఆ రొట్టె పనికిరాదు. గిన్నె మూసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, గ్రూపుకి గంట ముందు బయటికి తీయండి.

కిలో దగ్గరే ఆగడానికి కారణముంది. పొడి పిండి దాదాపు కిలోంబావు దాటితే, కలిపిన ముద్దలోంచి చిన్న ముద్ద విడిగా తీసి, తినకుండా నిప్పులో మాడ్చేయాలన్న ఆజ్ఞ వర్తిస్తుంది. అలా తీసే ముద్ద పేరే హల్లా, రొట్టెకు ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. ఎప్పుడైనా పెద్ద మొత్తంలో కలిపి ఆ పని తల్లులందరి ముందూ చేస్తే బాగుంటుంది, ప్రతి వారం అక్కర్లేదు.

కుటుంబానికి దాదాపు 150 గ్రాముల ముద్ద. మూడు పాయలు తీసి జడ అల్లినట్టే అల్లాలి, మన చేతులకు చెప్పక్కర్లేదు. మా అమ్మ మొదటి రోజే అందరికంటే తీరైన జడ అల్లింది. గేటు దగ్గరి బాధ అప్పుడు పోయింది. పిల్లలు వేళ్లతో నొక్కొచ్చు, కానీ పచ్చిపిండి నోట్లోకి వెళ్లకూడదు. పచ్చి గోధుమపిండిలో హానిచేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు. పాకే పిల్లల తల్లులు ఒళ్లో కూర్చోబెట్టుకునే అల్లాలి, వెంటనే చేతులు కడగాలి.

టీ వేళ

ఈ అరగంటను గ్రూపు అయిపోయాక మిగిలిన సమయంగా చూడకండి. షబ్బాత్ అంటే ఆగి కూర్చోవడం. బాలింతకు అది వారమంతా దొరకదు. నడిపేవాళ్లలో ఒకరు బల్లలు సర్దుతుంటే ఇంకొకరు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీ చేతులతో ఉండాలి, అవసరమైతే ఎవరి బిడ్డనైనా ఎత్తుకోవడానికి. టీ మూతలున్న కప్పుల్లోనే.

ఎవరితోనూ మాట్లాడని తల్లి పక్కన కూర్చోండి. పాప నిద్ర గురించి కాకుండా ఆమె నిద్ర గురించి అడగండి. తెలుగు తల్లుల్లో నేను చూసింది ఒకటుంది. పురిటికి వచ్చిన అమ్మ ఐదారు నెలలకు ఇండియా వెళ్లిపోతుంది. ఆ వెళ్లిన మూడు వారాల్లోనే ఈ బాలింత కుంగిపోతుంది. అమ్మ ప్రయాణం ఎప్పుడో తెలుసుకుని, ఆ నెల ఆమెను ఒక్క శుక్రవారం కూడా జారిపోనివ్వకండి, కావాలంటే ఇంటికెళ్లి తోడు తీసుకురండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే హెల్త్ విజిటర్‌కో (పసిపిల్లల కుటుంబాలను చూసుకునే నర్సు) డాక్టర్‌కో చెప్పమని సూటిగా అనండి, ఫోన్ చేసేటప్పుడు పక్కనే ఉండండి.

వెళ్లేటప్పుడు ప్రతి తల్లి చేతికీ హల్లా ఉన్న రేకు పళ్లెం ఇవ్వండి. దానిమీద చీటీ అంటించండి. అందులో వేసిన పదార్థాలు, "45 నిమిషాలు పొంగనివ్వండి, 180 డిగ్రీల్లో 20 నిమిషాలు కాల్చండి" అన్న సూచన, కింద ఆ రోజు మీ ఊళ్లో దీపాలు పెట్టే వేళ పెద్ద అక్షరాలతో రాయండి.